ఉగ్గుగిన్నె ఉంచండి, ఆముదం తీసేయండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాకు 61 ఏళ్ళు, మా వారికి 67. అమ్మాయి, అల్లుడు విద్యానగర్‌లో ఉంటారు. ఇద్దరి ఉద్యోగాలూ విజయవాడలో. మనవరాలికి నాలుగు నెలలు నిండాయి. అమ్మాయి ప్రసూతి సెలవు ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. ఆ తర్వాత సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం ఎనిమిదింటికి అల్లుడు కారులో పాపను మా ఇంట్లో దింపి, రాత్రి ఏడింటికి తీసుకువెళతాడట. నేను సరేనన్నాను. అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పసిబిడ్డను చూసుకుని పాతికేళ్ళు దాటింది. కుడి మోకాలి చిప్ప అరిగిందన్నారు. మా వారేమో, ‘ఇద్దరిని పెంచాం, కొత్తగా నేర్చుకునేదేముంది’ అంటారు. అమ్మాయి ఫోనులో పెద్ద జాబితా పంపింది. తేనె వద్దు, నీళ్ళు వద్దు, ఉగ్గు వద్దు, సాంబ్రాణి వద్దు. నాకు వచ్చినవన్నీ ఆ ‘వద్దు’ల్లోనే ఉన్నాయి. తెనాలిలో మా వియ్యపురాలు ఉన్నారు. ఆవిడకు తీరికే, కాని అడగడానికి మా అమ్మాయికి మొహమాటం. నేనెలా సిద్ధపడాలి?
– ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మమ్మగారూ, ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా అంటే 11 గంటలు. అయిదు రోజులకు 55 గంటలు. మీ వారు ఉద్యోగం చేసిన రోజుల్లో కూడా వారానికి అన్ని గంటలు పనిచేసి ఉండరు. చేసినా మధ్యాహ్నం భోజనానికి లేచేవారు, టీ తాగేవారు, పక్క సీటాయనతో రాజకీయాలు మాట్లాడేవారు. నాలుగు నెలల బిడ్డ దగ్గర ఆ వీలుండదు. మీ నిద్ర పట్టకపోవడం పిరికితనం అనుకుంటున్నట్టున్నారు. కాదు, మీ మోకాలు ఆ లెక్క మీకంటే ముందే వేసేసింది.

పుట్టినప్పుడు మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ ఉన్న బిడ్డ అయిదో నెలకు దానికి రెట్టింపవుతుంది, ఏడాదికి ఇంచుమించు మూడింతలు. పాలకు, గుడ్డ మార్చడానికి, ఏడుపు మాన్పడానికి, ఉయ్యాలలోంచి మంచం మీదికి, మంచం మీదినుంచి భుజం మీదికి, రోజుకు ఎన్నిసార్లు ఎత్తుతారో ఒక్కరోజు వేళ్ళు మడిచి చూడండి, మీకే తెలుస్తుంది. కింద చాప వేసి పడుకోబెడితే మీ మోకాలికి కష్టం. మంచం మీద పడుకోబెడితే బిడ్డకు ప్రమాదం, ఎందుకంటే బోర్లా పడే రోజులివే. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం కానీ, ఆ మొదటి బోర్లా ఎవరూ చూడని క్షణంలో మంచం అంచున జరుగుతుందని మాత్రం ఎవరూ చెప్పరు.

అందుకని మొదటి పని ఇంట్లో కాదు, మాటలో ఉంది. ఈ ఆదివారం అమ్మాయినీ అల్లుడినీ భోజనానికి పిలవండి. ‘నాకు భయంగా ఉంది, అయిదు రోజులు నావల్ల కాదు, మూడు రోజులు చక్కగా చూస్తాను’ అని చెప్పండి. ‘చూద్దాం, ఎలాగో సర్దుకుంటాను’ అనవద్దు. సర్దుకుంటానన్న తల్లి నాలుగో నెలలో మంచం ఎక్కితే, అప్పుడు ఆ అమ్మాయి రాత్రికి రాత్రి ఎవరిని వెతుక్కోవాలి? మూడు వారాలు ముందు చెప్పిన ‘కాదు’, మూడు నెలల తర్వాత చెప్పిన ‘కాదు’ కంటే చాలా తేలిక.

మిగతా రెండు రోజుల సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. తెనాలి వియ్యపురాలిని అడగడానికి అమ్మాయికి మొహమాటమని రాశారు. ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. ఆ మొహమాటం అమ్మాయికా, మీకా? పాప మొదటి మాట, మొదటి అడుగు నాయనమ్మ చేతుల్లో అయిపోతాయేమోనన్న గుబులు నాకూ ఉండేది. మా వియ్యపురాలు వచ్చి వారం ఉంటానంటే, ‘మీకెందుకండీ శ్రమ’ అంటూ నవ్వుతూనే రైలెక్కించాను. ఆ తర్వాత నాకు నడుం పట్టేసి మంచం మీద ఉన్నప్పుడు ఆవిడే వచ్చి పది రోజులు మా మనవడినీ నన్నూ కూడా చూసుకుంది. తెనాలి మీకు ఎంత దూరమని? పాతిక కిలోమీటర్లు. గురువారం ఉదయం వచ్చి శుక్రవారం రాత్రి దాకా కొడుకింట్లోనే ఉండి పాపను చూసుకోమనండి. అడగవలసింది మీ అమ్మాయి కాదు, అల్లుడు. ఆయన తల్లిని ఆయన అడగాలి. మీ ఉత్తరంలో అల్లుడుగారు కారు నడపడానికి తప్ప ఇంకెక్కడా కనిపించలేదు, కాస్త ఆయనకూ పని చెప్పండి.

మీ వారికీ పని చెప్పాలి. ‘ఇద్దరిని పెంచాం’ అన్నారు చూశారా, ఆ మాటలో ‘చాం’ ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయనను తప్పు పట్టడం లేదు, ఆ కాలమే అంత. కాని ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నారు, మోకాళ్ళు బాగున్నాయి. వంగి ఎత్తే పనులు, పాలు వేడి చేసే పని, సీసాలు, గిన్నెలు మరిగించే పని, మధ్యాహ్నం మీరు నడుం వాల్చే గంటన్నర, ఇవి ఆయనవి. సాయం అనవద్దు, వంతు అనండి. సాయం అయితే బుద్ధి పుట్టినప్పుడు చేస్తారు, వంతైతే వేళకు చేయాలి.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. మనవరాలిని చూసినందుకు కూలి తీసుకోం, అది మన ఇళ్ళలో లేదు. కాని డైపర్లు, పెరిగే కరెంటు బిల్లు, గుడ్డలుతకడానికీ ఇల్లు తుడవడానికీ రెండు పూటలు వచ్చే మనిషి జీతం అమ్మాయి ఇవ్వాలి. అది అడగడానికి సిగ్గుపడనక్కర లేదు. ఇంకో సంగతి. 2017లో ప్రసూతి సెలవు చట్టాన్ని సవరించి 26 వారాలు చేసినప్పుడే, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసే క్రెష్ వసతి ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని కూడా పెట్టారు. అమ్మాయి ఆఫీసులో ఉందో లేదో ఒకసారి కనుక్కోమనండి. రోజూ గుంటూరు నుంచి విజయవాడకు అంత చిన్న పిల్లను తిప్పమని నేను చెప్పను. కాని మీ ఇద్దరు అమ్మమ్మా నాయనమ్మలకూ కుదరని రోజు ఒకటి వచ్చి తీరుతుంది, ఆ రోజుకు పనికొస్తుంది.

ఇక ఆ ‘వద్దు’ల జాబితా. అది చదివి మీకు చిన్నతనం అనిపించింది. నాకూ అనిపించింది, అందుకే తీరిగ్గా చెబుతాను.

మీ ఇంట్లో ఉగ్గుగిన్నె ఉండే ఉంటుంది. ముక్కు ఉన్న చిన్న గిన్నె, వెండిదో స్టీలుదో. అందులో తల్లిపాలు, రెండు చుక్కల ఆముదం రంగరించి మీ అమ్మ మీకు పోసింది, మీరు మీ పిల్లలకు పోశారు. ఆముదం పని విరేచనం చేయించడం. అంత చిన్న కడుపుకు దానితో పని లేదు, పైగా పోసేటప్పుడు బిడ్డ ఏడిస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం కూడా అందుకే మానేయమంటారు. ఆముదం పోనివ్వండి, గిన్నెను మాత్రం అటక మీది నుంచి దించండి. సీసా పీకకు అలవాటు పడిన బిడ్డ తల్లి రొమ్ము దగ్గర పేచీ పెట్టవచ్చని, పిండిన పాలను చిన్న గిన్నెతో పట్టడమే మేలని పిల్లల డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు. వాళ్ళు చెప్పే గిన్నె మన ఉగ్గుగిన్నెకు చుట్టమే. అమ్మాయికి అది పట్టుకోవడం రాదు. మీకు వచ్చు. బిడ్డను ఒళ్ళో కాస్త నిటారుగా పెట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి, బిడ్డ తనంతట తాను చప్పరించేదాకా ఆగి, గుటక పడ్డాక మళ్ళీ వంచడం. ఆ ఆగడం ఉంది చూశారా, అది ఫోనులో చూసి నేర్చుకునేది కాదు. అమ్మాయికి మీరే నేర్పండి. రోజూ గిన్నెను నీళ్ళలో మరిగించండి. ముక్కు లోపల, చెక్కడం పనిలో జిడ్డు పేరుకోకుండా చూసుకోండి.

తేనె విషయంలో జాబితాతో వాదించవద్దు. ఏడాది నిండే వరకు నాలుకకు రాయడం కూడా వద్దు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. అరుదే, కాని వస్తే ప్రాణం మీదికే. నీళ్ళ సంగతి మనకు మింగుడు పడదు. గుంటూరు ఎండలో బిడ్డ గొంతు తడపకుండా ఎలా ఉంటామని నేనూ మా కోడలితో వాదించాను. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలలోనే కావలసినంత నీరు ఉంది, ఎండాకాలమైనా సరే. నీళ్ళు పడితే ఆ చిన్న పొట్ట నిండిపోయి పాలు తగ్గుతాయి, ఆ నీళ్ళు మంచివి కాకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఎండగా ఉంటే పాలే మరో రెండుసార్లు ఎక్కువ పట్టండి. సాంబ్రాణి పొగ చిన్న ఊపిరితిత్తులకు మంచిది కాదు. తల ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. కాటుక కళ్ళకు పెట్టవద్దు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. దిష్టిచుక్క మానలేమంటారా, అరికాలికి పెడతారు కొందరు. అయిదో నెలలో ఆ కాలు తిన్నగా నోట్లోకే వెళుతుంది. చెవి వెనక పెట్టండి.

అమ్మాయి జాబితాలో లేనిది ఒకటి నేను చేరుస్తాను. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టండి, గట్టి పరుపు మీద, మొహం దగ్గర దిండ్లూ బొంతలూ లేకుండా. చీర ఉయ్యాల ఈ వయసు వరకే. బోర్లా తిరగడం మొదలయ్యాక అందులో ఒంటరిగా వదలకండి.

లాల పోయడం మీరు పెట్టుకోవద్దు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని బిడ్డను కాళ్ళ మీద వేసుకోవడం మీ మోకాలు ఒప్పుకోదు. అది ఒక కారణం. రెండోది, రోజంతా బిడ్డకు దూరంగా ఉన్న తల్లికి సాయంత్రం చేయడానికి ఒక పని మిగలాలి. గోరువెచ్చటి నీళ్ళు, చేతుల్లో జారే ఆ చిన్న ఒళ్ళు, అది అమ్మాయికే వదిలేయండి.

పాలు ఎలా తెచ్చుకోవాలన్నది కాస్త పద్ధతిగా చూడాలి. ఆరు నెలలు నిండడానికి ఇంకో రెండు నెలలుంది, అమ్మాయి ఉద్యోగంలో చేరాక కూడా అయిదారు వారాలు తల్లిపాలే. పిండిన పాలు బయట నాలుగు గంటలు ఉంటాయని రాస్తారు. అది గది 25 డిగ్రీలు దాటకపోతే. మన ఊళ్ళో వేసవిలో అర్ధరాత్రి కూడా గది 25కు దిగదు. కాబట్టి విద్యానగర్ నుంచి బ్రాడీపేట దాకా మంచుగడ్డల సంచిలోనే రావాలి, రాగానే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. తలుపు అరలో కాదు, వెనక భాగంలో. తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడెక్కుతుంది. డబ్బాలు చిన్నవిగా ఉంటే పారబోసేది తగ్గుతుంది. ఒక్కో పూటకు ఒక్కో డబ్బా, మీద పిండిన వేళ రాసి. స్టవ్ మీద పెట్టకండి. గిన్నెలో వేడినీళ్ళు పోసి అందులో డబ్బా ఉంచి, ఒక చుక్క మణికట్టు లోపలి వైపు వేసి చూడండి. వెచ్చగా తగిలితే చాలు. తాగగా మిగిలింది మళ్ళీ ఫ్రిజ్‌లో దాచకండి. అమ్మ పాలు పారబోయడం మనసొప్పదు, తెలుసు. అయినా పారబోయండి.

అన్నప్రాసన గురించి మీరు అడగలేదు కాని అడుగుతారు. ఆడపిల్లకు బేసి నెల అంటారు కదా. ఏడో నెలలో పెట్టుకోండి. ఏడో నెల నడుస్తోందంటే ఆరు నిండినట్టే, డాక్టరు చెప్పే లెక్కా అదే. పురోహితుడూ డాక్టరూ ఒకే మాట మీద ఉన్న అరుదైన సందర్భం, వదులుకోకండి. ఆ రోజు పాయసం పెదవికి తాకించి ఊరుకోండి. ఆ తర్వాత మీ చేతి వంటే పాపకు. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పట్టించిన పిండితో జావ, మెత్తగా మెదిపిన అన్నంలో పప్పుకట్టు, చెంచా నెయ్యి. ఏడాది నిండేదాకా ఉప్పూ పంచదారా వద్దు. మీ నాలుకకు చప్పగా ఉంటుంది, పాప నాలుకకు అది చప్పన అని తెలియదు. ఇక్కడ అమ్మాయికంటే మీకే ఎక్కువ తెలుసు, వెనక్కి తగ్గకండి.

ఇంటి సంగతికి వస్తాను. మా మనవడికి ఎనిమిదో నెల. మాది విజయవాడ సత్యనారాయణపురంలో మేడ మీద వాటా. కుక్కరు నాలుగో కూత వేసిందని లేచి వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ కట్టేసి రావడానికి ఎంతసేపు? హాల్లోంచి కరకరమని చిన్న చప్పుడు. బిస్కెట్ కాగితం నలుపుతున్నాడనుకున్నాను. వచ్చి చూస్తే మా వారి బీపీ మాత్రల అట్ట వాడి నోట్లో ఉంది. వెండి రేకు ఒక మూల చినిగి, లాలాజలంతో తడిసి మెరుస్తోంది. మాత్రలు లెక్కపెట్టాం, రెండుసార్లు, మూడుసార్లు. పదీ ఉన్నాయి. నా కాళ్ళలో వణుకు రాత్రి దాకా తగ్గలేదు. అట్ట ఎక్కడిదంటారా? టీవీ పక్కన, ‘వేళకు గుర్తుంటుంది’ అని నేను పెట్టిందే.

మీ ఇద్దరి మాత్రలూ ఈ రోజే పై అరలోకి ఎక్కించండి. బాత్రూములో నిండు బకెట్టు ఉంచకండి. జానెడు నీళ్ళలో తలకిందులైన బిడ్డ లేవలేదు. నీళ్ళు రాని వేళ కోసం పట్టి ఉంచడం మన అలవాటు కాబట్టి, ఆ తలుపుకు పైన గడియ పెట్టించండి. పాప పాకడానికి ఇంకా మూడు నాలుగు నెలలుందని ఊరుకోకండి, పాకిన రోజు చెప్పి పాకదు.

మీ ఇద్దరూ ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి రండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష తప్పదు. కోరింత దగ్గుకు పెద్దవాళ్ళకూ బూస్టరు ఉంది, ఫ్లూ టీకా ఉంది, మీకు వేయించుకోవచ్చా అని అడగండి. పాపకు 14 వారాల టీకాలు అయి ఉండాలి, ప్రభుత్వ పట్టికలో తట్టు, రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండాక. ఆ కార్డు నకలు ఒకటి మీ ఇంట్లో ఉండాలి. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. పిల్లల డాక్టరు నంబరు, అమ్మాయిది, అల్లుడిది, తలుపు తట్టగానే వచ్చే పక్కింటివాళ్ళది, 108. జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే ముందు డాక్టరుకు ఫోను. మందు పాప బరువును బట్టి ఆయన చెప్పిందే, ఎప్పుడో మీ అమ్మాయి పసిదిగా ఉన్నప్పుడు వాడింది కాదు.

గొంతుకు ఏదైనా అడ్డం పడి ఏడుపు రాక, ఊపిరి ఆడక మొహం నీలబడుతుంటే, వేలు పెట్టి గుడ్డిగా వెతకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా వేసుకుని, రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు చరవండి. పడకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మధ్యలో ఒక అరచేతి మడమతో అయిదుసార్లు నొక్కండి. మళ్ళీ చరవండి. ఈలోగా రెండో మనిషి 108కి చేయాలి. చదివితే రాదు, దిండుతో మీ ఇద్దరూ నాలుగుసార్లు చేసి చూడండి. పిల్లల డాక్టరును అడిగితే చేయించి చూపిస్తారు.

మూడు వారాలున్నాయన్నారు, అది చాలా మంచి మాట. వచ్చే సోమవారం నుంచి పాపను తీసుకురమ్మనండి, అమ్మాయి సెలవులో ఉండగానే. మొదటి రెండు రోజులు అమ్మాయి ఎదురుగా కూర్చుంటుంది, చేతులు కట్టుకుని. మూడో రోజు రెండు గంటలు ఎక్కడికైనా వెళ్ళిరావాలి, శంకర్ విలాస్ సెంటర్ దాకానో, ఎవరింటికో. వెళ్ళేటప్పుడు పాపకు కనపడి చెప్పి వెళ్ళాలి, దొంగతనంగా జారుకోవద్దు. రెండో వారం సగం పూట. మూడో వారం ఒక్క రోజైనా పూర్తిగా, ఎనిమిది నుంచి ఏడు దాకా, పాలు సంచిలో వచ్చి, మీ వారి వంతులతో సహా. ఆ రోజు రాత్రి మీ మోకాలు ఎలా ఉందో చూసి మూడు రోజులా, రెండు రోజులా అన్నది తేల్చండి. వియ్యపురాలినీ ఒకరోజు పిలిచి కూర్చోబెట్టండి, ఆవిడ కూడా ఉగ్గుగిన్నెతో పట్టి చూడాలి కదా.

ఒకటి మరిచాను. గుంటూరులో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఏడాదికి సరిపడా కారం పట్టించే పని మిగిలి ఉంటే, మిరపకాయలు ఎండబెట్టడం, తొడిమలు తీయడం ఈ వారంలోనే కానిచ్చేయండి. ఆ చేతులు సబ్బుతో ఎంత కడిగినా మంట పోదు, ముందు నూనె రాసి రుద్దుకుని, ఆ తర్వాత సబ్బు పెట్టాలి. అయినా మరునాటి దాకా పాపను మీ వారినే ఎత్తుకోమనండి.